పేపర్లో పడిన వేలు

మా ఆడపడుచు తెచ్చిన ముప్ఫై ఆరు ఫోటోలనూ వాళ్ల ఫోటో ఎడిటర్ ఒక్కొక్కటే చూసి, ఒక్కొక్కటే బోర్లా పెట్టాడట. ఆయన పద్ధతే అంత. బాగుందని అనడు, బాగాలేదనీ అనడు. నచ్చిన ఫోటో వెల్లకిలా ఉంటుంది, నచ్చనిది బోర్లా పడుకుంటుంది. ఆ సోమవారం ఆయన బల్ల మీద ముప్ఫై ఆరు తెల్లటి వీపులు వరసగా పడుకున్నాయని చెప్పి, మా ఆడపడుచు వంటగదిలో స్టూలు మీద కూలబడింది.

"ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదా?" అన్నాను గిన్నెలు తుడుస్తూ.

"ఒకటి మాత్రం చాలాసేపు చేత్తో పట్టుకున్నాడు వదినా. ప్రాణం లేచొచ్చింది. తర్వాత దాన్ని టీ కప్పు కింద పెట్టుకున్నాడు."

ఇంట్లో అందరం తనని పిల్లి అంటాం. నడిస్తే చప్పుడు కాదు. గదిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు, ఎప్పుడు వెళ్లిందో అసలే తెలీదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఫ్రిజ్ తలుపు వేసి వెనక్కి తిరిగితే ఎదురుగా నిలబడి ఉండేది. రెండు గాజు జాడీలు అలాగే పోయాయి. ఫోటోగ్రాఫరు ఉద్యోగానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలని మేమంతా అనుకున్నాం. పత్రికవాళ్లు కూడా అలాగే అనుకున్నారో ఏమో, ఆర్నెల్లు చూసి చెబుతామని చేర్చుకున్నారు.

ఆ ఆర్నెల్లూ ఈ గురువారంతో అయిపోతాయి. ఆలోగా ఆదివారం సంచికకి ఒక పేజీ నిండా ఫోటో కథ తను సొంతంగా చేసి ఎడిటర్‌ని ఒప్పించాలి. ఎనిమిది ఫోటోలు, అంతే. ఒప్పిస్తే ఫోటోగ్రాఫరు. లేకపోతే పాత ఫోటోలకి నంబర్లు వేసి బీరువాల్లో సర్దే గదిలో కుర్చీ. ఆ గదికి కిటికీ కూడా లేదట. రోజంతా వెలుతురు వెంట తిరిగే పిల్లకి కిటికీ లేని గది అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు.

ఎవరి కంటా పడని పనుల మీద ఒక పేజీ చేయమన్నారట. పిల్లి ఎక్కడెక్కడో వెతక్కుండా వాళ్లమ్మ పనిచేసే చోటునే ఎంచుకుంది. మా అత్తగారు పెద్దాసుపత్రిలో కుట్టుగదికి పెద్ద. ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే యంత్రాల పక్కన ఉంటుందా గది. చిరిగిన దుప్పట్లు, దిండు గలేబులు, డాక్టర్ల గౌన్లు, ఆపరేషన్ గదిలో కప్పే ఆకుపచ్చ గుడ్డలు పొద్దున్నే మూటలుగా వస్తాయి. ఆరుగురు ఆడవాళ్లు వాటికి అతుకులు వేసి, చిల్లుల మీద దారం అల్లి రఫ్ఫు చేసి, సాయంత్రానికి మడతలు పెట్టి పంపేస్తారు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తున్నారు. ఆ గదిలోకి ఒక్కసారి కూడా కెమెరా రాలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. మొదటిసారి కెమెరా వస్తోందంటే ఊరుకుంటారా ఎవరైనా?

శుక్రవారం సాయంత్రం ఆరుగురి యూనిఫారాలూ మా ఇంటికి వచ్చాయి. మా భోజనాల బల్ల మీద వాటికి ఇస్త్రీ చేసింది నేనే కాబట్టి ఈ నేరంలో నాకూ భాగముంది. శనివారం పిల్లి అక్కడికి వెళ్లేసరికి చిరిగిన బట్టల గుట్ట మొత్తం స్టోరు గదిలోకి వెళ్లిపోయింది. నేల కడిగారు. కుర్చీలు వరసగా వేశారు. కిటికీకి ఎదురుగా తీస్తే మొహాలు నల్లగా పడతాయని తన పెళ్లి ఫోటోలు తీసినవాడు అప్పుడెప్పుడో చెప్పిన మాట మా అత్తగారికి బాగా గుర్తుండిపోయింది. అందుకని కర్టెన్లు మూసేసి ట్యూబులైట్లన్నీ వేశారు. ఆరుగురినీ ఎత్తు ప్రకారం నిలబెట్టారు. పొట్టిగా ఉండే ఆవిడ పాపం మడమలు లేపి నిలబడిందట, ఎందుకైనా మంచిదని.

"నువ్వు ఏమీ అనలేదా?" అని అడిగాను.

"మా అమ్మతోనా?" అంది పిల్లి.

అదీ నిజమే.

నేను ఆ ముప్ఫై ఆరూ బల్ల మీద పరిచి చూశాను. తప్పు పట్టడానికి లేదు. అందరూ ఉన్నారు, అందరూ నవ్వుతున్నారు. గది ఎంత శుభ్రంగా ఉందంటే, అక్కడ ఏనాడూ ఏ పనీ జరిగినట్టు లేదు. ఆరుగురి చేతుల్లోనూ సూదులున్నాయి. కళ్లు చిట్లించుకుని చూస్తే ఒక్క సూదిలో కూడా దారం లేదు.

"ఆయన ఇంతకీ ఏమీ అనకుండానే పంపేశాడా?"

"రెండే అడిగాడు. 'ఇది జరిగిందా, జరిపించావా?' అన్నాడు. ఆయన అందర్నీ అదే అడుగుతాడు. పత్రికలో పడే ఫోటో జరిగినదై ఉండాలి, మనం జరిపించినది కాకూడదు. నేను నిజమే చెప్పాను, మా అమ్మ జరిపించిందని. 'అయితే పేజీ కింద మీ అమ్మ పేరు వేద్దామా?' అన్నాడు."

"రెండోది?"

పిల్లి గోళ్లు చూసుకుంది. "నేను గుమ్మంలో నిలబడే అన్నీ తీశానట. చుట్టాలింటికి వెళ్లి, లోపలికి రాకుండా గుమ్మంలోంచే కుశలం అడిగి వచ్చేసినట్టుందన్నాడు."

నాకు నవ్వొచ్చింది గానీ గిన్నెల వైపు తిరిగి నవ్వాను. వాడెవడో మా పిల్లిని ఆర్నెల్లలో బాగానే చదివాడు. పెళ్లిళ్లలో కూడా ఇది తలుపు పక్కనే నిలబడుతుంది. మనుషుల దగ్గరకి వెళ్లాలంటే బెరుకు. అందుకే దూరాన్నుంచి తీసే పొడుగాటి లెన్సు ఒకటి కొనుక్కుంది. దాంతో అవతలి వీధిలో ఉన్నవాళ్ల కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. వాళ్లతో మాట్లాడక్కర్లేదు.

సాయంత్రం మా అత్తగారు చెప్పులు విప్పుతూనే అడిగారు. "ఏమ్మా, మా ఫోటోలు బాగా వచ్చాయటా?"

పిల్లి నా వైపు చూసింది. నేను అత్తగారి వైపు చూశాను.

"ఒక్క ఫోటోలో కూడా ఎవరూ కళ్లు మూసుకోలేదు అత్తయ్యా," అన్నాను. అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు.

"చెప్పానా మరి! మూడు లెక్కపెట్టేదాకా రెప్ప వెయ్యొద్దని అందరికీ గట్టిగా చెప్పాను," అని ఆవిడ తృప్తిగా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు.

మంగళవారం పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆవిడ డ్యూటీకి వెళ్లేలోపు ఒక చెయ్యి వేస్తారు, నేను సరిగ్గా పిండలేదని చెప్పడం కూడా అందులో భాగమే. తడి దుప్పటి ఒకటి తీసుకుని తీగ మీద వెయ్యకుండా, రెండు మూలలూ పట్టుకుని ఎండకి అడ్డంగా ఎత్తారు. ఎత్తి, మెడ అటూ ఇటూ తిప్పుతూ చూస్తున్నారు.

నేను దుప్పటికి ఇవతల ఉన్నాను. అది మా ఇంట్లో అందరికన్నా పాత దుప్పటి. మామూలుగా చూస్తే తెల్లగా, సాదాగా ఉంటుంది. ఇప్పుడు వెనక నుంచి ఎండ పడేసరికి దాని ఒళ్లంతా బయటపడింది. ఎక్కడ చూసినా రఫ్ఫులే. గీతలు, గళ్లు, చిన్న చిన్న చుక్కలు, ఒక మూల అరచేయంత అతుకు. ఇన్నేళ్లూ నేను పడుకున్నది దుప్పటి మీద కాదు, మా అత్తగారి చేతిరాత మీద. అవతల ఆవిడ నీడ, ఎత్తిన రెండు చేతులు, వంగిన మెడ.

"ఏం చూస్తున్నారు అత్తయ్యా?"

"చిల్లులు. ఇంకేం చూస్తాను?"

"ఆసుపత్రిలో కూడా ఇలాగే చూస్తారా?"

"చూడకపోతే ఎలాగే? కుట్టిందల్లా కిటికీ వెలుతుర్లో పట్టుకుని చూస్తేనే మడత పెట్టేది. ఆపరేషన్ గదికి వెళ్లే గుడ్డలో సూదిమొనంత చిల్లున్నా తప్పే. ఏదైనా దొరికిందో, అందులోంచి వేలు పెట్టి చూపిస్తాను. ఎవరు వదిలితే వాళ్లే కూర్చుని మళ్లీ కుట్టాలి. అది మా గది రూలు."

"మరి మొన్న శనివారం ఫోటోల్లో కిటికీ లేదేం?"

"కెమెరా వచ్చిందిగా! కర్టెన్లు వేసేశాం," అన్నారావిడ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నేను మిగతా బట్టలు బక్కెట్లోనే వదిలేసి కిందికి దిగాను. పిల్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెప్పిందంతా విని లేచి కూర్చుంది. మా ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి విన్నాడు. ఆయన రైల్వేలో టైంటేబుళ్లు వేస్తాడు. ప్రపంచంలో ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఒక వేళ ఉంటుంది.

"ఇంకేం మరి! అమ్మకి చెప్పు. పదకొండింటికల్లా కర్టెన్ తీసి దుప్పటి పట్టుకుని నిలబడుతుంది. నువ్వు చాలనేదాకా దించదు."

"అది జరిపించడం అన్నయ్యా."

"రోజూ చేసే పనేగా? ఇవాళ నీ కోసం ఒకసారి చేస్తుంది. ఏమిటంట తేడా?"

పిల్లి మంచం దిగింది. "నువ్వు రోజూ గడ్డం గీసుకుంటావు. ఇప్పుడు నేను కెమెరా పట్టుకుని 'ఏదీ, గీసుకో' అన్నాననుకో, ఎలా గీసుకుంటావు?"

మా ఆయన అద్దంలో వీపు నిటారుగా పెట్టి, పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఇంకెవరూ ఏమీ అనక్కర్లేకపోయింది.

"వెళ్లి కూర్చోవాలి. నేనున్నానన్నది వాళ్లు మర్చిపోయేదాకా," అంది పిల్లి. అని పొడుగాటి లెన్సు తీసి బీరువాలో పెట్టేసింది.

పెద్ద చిక్కు మా అత్తగారే. కెమెరా మళ్లీ వస్తోందని తెలిస్తే ఈసారి గోడలకి సున్నం కూడా వేయిస్తారు. అందుకని ఆవిడ బయల్దేరుతుంటే నేనే అన్నాను. "అత్తయ్యా, పిల్లి ఇవాళా రేపూ మీతోబాటు వస్తుందట. మీ పని దగ్గర్నుంచి చూడాలని దానికి కోరికగా ఉంది." ఇందులో అబద్ధం ఏముందో మీరే చెప్పండి.

"నిజంగానా?" ఆవిడ కళ్లద్దాల పైనుంచి కూతుర్ని చూశారు. "ఇరవై ఆరేళ్లొచ్చాయి, చొక్కా గుండీ ఊడితే వదిన దగ్గరికి పరిగెడతావు. సరే, రా."

అక్కడికి వెళ్లాక మాత్రం పిల్లి ఎవరినీ మోసం చెయ్యలేదు. సంచిలో కెమెరా ఉందని, ఎప్పుడో ఒకప్పుడు తీస్తానని, వద్దంటే మానేస్తానని ఆరుగురికీ చెప్పిందట. వాళ్లు తలెత్తి చూశారు గానీ ముస్తాబులు చేసుకునే తీరికెక్కడిది? శనివారం స్టోరులో దాచిన గుట్ట, సోమవారం వచ్చిన మూటలు, మంగళవారం వచ్చినవి, అన్నీ కలిసి కిటికీ గుమ్మం దాకా పేరుకున్నాయి. వార్డుల నుంచి నర్సులు చిన్న కిటికీలోంచి చేతులు చాచి దుప్పట్లేవని అడుగుతున్నారు. "నువ్వు తీసుకుంటే తీసుకో తల్లీ, మమ్మల్ని మాత్రం నిలబెట్టకు," అంది పొట్టావిడ. కర్టెన్ల సంగతి ఎవరికీ గుర్తు కూడా రాలేదు.

ఆ సాయంత్రం పిల్లి ఇంటికి వచ్చి నాకు చేతులు చూపించింది. పది వేళ్లలో ఏడింటికి సూది పోట్లు.

"ఊరికే కూర్చున్నవాళ్లు ఆ గదిలో ఉండకూడదట వదినా. దుప్పటి ఒకటి నా ఒళ్లో పడేశారు."

"ఫోటోలు?"

"ఒక్కటీ తియ్యలేదు."

నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. రేపు బుధవారం, ఎల్లుండి నాలుగింటికి ఎడిటర్ ముందు ఉండాలి. కానీ పిల్లి మొహంలో నిన్నటి నీరసం లేదు. తనలో తనే నవ్వుకుంటోంది. "పొట్టావిడకి స్టూలు మీద ఎక్కితే గానీ అర అందదు వదినా. ఎక్కినప్పుడల్లా మిగతావాళ్లు చూడకుండానే ఒక చెయ్యి వెనక్కి పెట్టి ఆ స్టూలు పట్టుకుంటారు. కుట్టడం ఆపరు. ఆవిడ దిగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంటుంది. నేను ఇన్నేళ్లుగా అమ్మకి భోజనం డబ్బా ఇవ్వడానికి ఆ గుమ్మం దాకా వెళ్లాను. ఒక్కసారి కూడా చూడలేదు."

అంత పొడుగు మాటలు అది ఆ ఏడాదిలో మాట్లాడటం అదే మొదటిసారి.

బుధవారం సాయంత్రం ఐదింటికి అరవై చిన్న ప్రింట్లు, పేక ముక్కలంత సైజువి, మా భోజనాల బల్ల మీద పరిచింది. అత్తగారు పేరుకున్న పని తెమలక ఆసుపత్రిలోనే ఉన్నారు. ఇల్లు మాదే.

నేను చూస్తూ ఉండిపోయాను. ఇవి వేరే కెమెరాతో తీసినవా అనిపించింది. అన్నీ మోకాళ్ల ఎత్తు నుంచీ, ఒళ్లో నుంచీ, భుజం పక్క నుంచీ తీసినవే. కుర్చీలో కూర్చుని కుట్టేవాళ్లకి ఆ గది ఎలా కనిపిస్తుందో అలా ఉన్నాయి. బట్టల గుట్ట కొండలా ఉంది, దాని కింద ఆరు జతల కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. దారం కొరుకుతున్న పళ్లు. స్టూలు మీద ఎక్కిన పొట్టావిడ మడమలు, స్టూలు కాలి చుట్టూ మూడు చేతులు. చిన్న కిటికీలోంచి చాచిన నర్సు చెయ్యి, ఆ చేతికీ దుప్పటికీ మధ్య మూరెడు ఖాళీ. ఆ ఖాళీ చూస్తుంటే నాకే అందించాలనిపించింది.

"ఆ ఖాళీ కావాలని వదిలాను," అంది పిల్లి. "దుప్పటి అందాక తీస్తే పనైపోయినట్టు ఉంటుంది. అందకముందు తీస్తే చూసేవాళ్లు కూడా చెయ్యి చాస్తారు."

ఇక ఎనిమిదింటిని ఎంచాలి. దానికీ ఎడిటర్‌దే ఒక పద్ధతుంది. ఒక్కో ఫోటో తీసేసి చూడాలట. తీసేసినా కథ నడిచిందంటే అది అక్కర్లేదు. తీసేస్తే కథ కుంటిదైందంటే అది ఉండాలి. నాకు ఇది కొత్తేం కాదు. మా ఆయనతో ప్రయాణమైన ప్రతిసారీ పెట్టె సర్దేది ఇలాగే, ఆయన మూడో స్వెట్టరు తీసేసినా ప్రయాణం నడుస్తుంది.

ఆఫీసు నుంచి వచ్చి మా ఆయన కూడా వంగి చూశాడు. "ఇందులో అందరూ ఉన్నదేదీ లేదా?" అన్నాడు.

"లేదు."

"మరి ఎవరెవరో ఎలా తెలుస్తుంది?"

"ఎనిమిదీ చూస్తే తెలుస్తుంది. మధ్యలో దిగిపోకూడదు అన్నయ్యా," అంది పిల్లి. రైల్వే మనిషికి రైల్వే భాషలో చెబితే సరిపోయింది. తలూపి వెళ్లిపోయాడు.

గంటన్నరలో ఏడు కుదిరాయి. ఎనిమిదోది అత్తగారి ఫోటో. కళ్లద్దాలతో, పక్క నుంచి, కిటికీ వెలుతురులో ప్రశాంతంగా ఉన్నారు. చాలా అందంగా ఉంది. నేను మెచ్చుకున్నాను కూడా. అప్పుడు, తీసేసిన వాటి దొంతరలో అడుగున ఒకటి కనిపిస్తే లాగాను.

కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకున్న దుప్పటి. డాబా మీద నేను చూసిందే, ఇంకా పెద్దదిగా. ఫ్రేము నిండా వెలుగే. ఆ వెలుగులో వందల రఫ్ఫులు, ఒక్కోటి ఒక్కో చేతిది, నరాల్లా అల్లుకుని ఉన్నాయి. వెనకాల అత్తగారి నీడ. దుప్పటి మధ్యలో ఒక చిల్లు. ఆ చిల్లులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక్క వేలు, ముందుకి సూటిగా, మన మొహంలోకి. అంచున ఇద్దరు నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు వాలిపోతున్నారు. ఆ గదిలో ఒక్క దాన్ని కూడా సర్ది పెట్టినట్టు లేదు. అయినా అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

"ఇదెందుకు తీసేశావే?"

పిల్లి చెవులు ఎర్రబడ్డాయి. "అది నేను కుట్టిన దుప్పటి. ఆ చిల్లు నేను వదిలేసిందే. అమ్మ వేలు పెట్టి నాకే చూపిస్తోంది, వాళ్లు నవ్వేది నన్ను చూసే. చేతిలో కెమెరా ఉంది కాబట్టి నొక్కాను."

"అయితే?"

"అయితే ఏంటి వదినా! ఆయన అడిగితే ఏం చెప్పను? నేను కుట్టకపోతే ఆ చిల్లు లేదు, చిల్లు లేకపోతే వేలు లేదు. నేను జరిపించినట్టేగా? పైగా పత్రికంతా నవ్వుతుంది. వద్దు."

వద్దంటే వద్దే. నేను వాదించలేదు. వాదిస్తే పిల్లులు మాట వినవు. ఎనిమిది పెద్ద ప్రింట్లు వేయించడానికి తను దుకాణానికి ఫోన్ చేస్తుంటే, నంబర్లు చదివి వినిపించే పని నాకు అప్పగించింది. తొమ్మిది చదివాను. మర్నాడు దుకాణం నుంచి తెచ్చిన ప్రింట్లు కవర్లో పెట్టింది కూడా నేనే. అప్పుడప్పుడు నా చేతికి అలాంటి జబ్బు చేస్తుంది.

గురువారం మూడున్నరకి పిల్లి గుమ్మంలో నిలబడి, "వదినా, తోడు రావా?" అంది. నేను చెప్పులు వేసుకునే ఉన్నాను.

ఎడిటర్ గది నేననుకున్నంత పెద్దదేం కాదు. ఒక బల్ల, ఒక కిటికీ, గోడకి ఒక క్యాలెండరు. బక్కపలచటి మనిషి, చొక్కా జేబులో ఒక భూతద్దం. నన్ను కుర్చీలో కూర్చోమని సైగ చేసి, నేనెవరో కూడా అడగలేదు. కవరు అందుకుని మొదటిది తీశాడు. గుట్ట, కింద కాళ్లు. చూశాడు, చూశాడు. వెల్లకిలా పెట్టాడు.

పిల్లి ఊపిరి వదలడం నాకు వినిపించింది. రెండోది, వెల్లకిలా. స్టూలు కాలి చుట్టూ చేతుల దగ్గర భూతద్దం బయటికి తీశాడు. వెల్లకిలా. నర్సు చెయ్యి దగ్గర ఆయన చెయ్యి కూడా కొంచెం ముందుకి కదిలింది. నేను చూశాను. ఏడు ఫోటోలు బల్ల మీద వరసగా కళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఎనిమిదోది మా అత్తగారు. ఆయన చాలాసేపు చూసి, నెమ్మదిగా బోర్లా పెట్టాడు.

"ఎవరీవిడ?"

"మా అమ్మండీ."

"తెలుస్తోంది. అమ్మ కనిపిస్తోంది. ముప్ఫై ఏళ్లు పనిచేసినావిడ కనిపించడం లేదు. ఎనిమిది కావాలన్నాను. ఏడింటితో పేజీ నిలబడదు."

పిల్లి నిలబడే ఉంది, వేళ్లన్నీ గుప్పిట్లో దాచుకుని. కిటికీ లేని గది ఆ పిల్ల కళ్లలో కనిపించింది నాకు. ఆయన కవరు మడవబోయి ఆగాడు. లోపల ఇంకా ఏదో తగిలింది. తొమ్మిదోది బయటికి తీశాడు.

పిల్లి నా వైపు తిరిగింది. నేను క్యాలెండరు చూస్తున్నాను. మంచి క్యాలెండరు.

ఆయన ఆ ఫోటో పట్టుకుని లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అక్కడ వెలుతుర్లో పెట్టి, మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు, అచ్చం మా అత్తగారిలాగే. వెనక్కి వచ్చాడు గానీ బల్ల మీద పెట్టలేదు. చేతిలోనే ఉంచుకుని అడిగాడు.

"ఇది జరిగిందా, జరిపించావా?"

జరిగిందని ఒక్క మాట అంటే చాలు. ఎవరికీ తెలీదు. నేనైతే అనేసేదాన్నే, ఒప్పుకుంటాను. పిల్లి గొంతు సవరించుకుంది.

"ఆ చిల్లు వదిలింది నేనేనండీ. ఊరికే కూర్చోనివ్వలేదు, ఒక దుప్పటి ఇచ్చారు. కుట్టడం సరిగ్గా రాక అది మిగిలిపోయింది. అమ్మ నాకు చూపించడానికి వేలు పెట్టింది. వాళ్లు నవ్వుతున్నది నన్ను చూసి. అందుకే ఇది తీసేశాను."

"ఫోటో కోసం కావాలని వదిలావా?"

"లేదండీ. వదిలినట్టు నాకు తెలియను కూడా తెలీదు."

"వేలు పెట్టమని చెప్పావా?"

"మా అమ్మకి వేలు పెట్టమని ఎవరూ చెప్పక్కర్లేదండీ."

ఆయన మొహం మీద మొదటిసారి ఏదో కదిలింది. నవ్వనడానికి లేదు, నవ్వు పెట్టుకునే చోటు మాత్రం ఉంది. "అంటే, ఈసారి గుమ్మం దాటావన్నమాట," అన్నాడు. "చిల్లు ఎవరిదో కింద రాయి. చదివేవాళ్ల దగ్గర దాచకు." అని ఆ ఫోటోని ఏడింటి పక్కన పెట్టలేదు. ఏడింటినీ కొంచెం కిందికి జరిపి, పైన మధ్యలో పెట్టాడు. వెల్లకిలా.

తర్వాత కాగితాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే, "సోమవారం తొమ్మిదింటికి బస్సు డిపోకి వెళ్లాలి. ఆ పొడుగు లెన్సు తేకు," అన్నాడు. పిల్లికి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. నాకు అరనిమిషమే పట్టింది, నేను దాని కన్నా పెద్దదాన్ని.

మేం తలుపు దాకా వెళ్లాక ఆయన వెనక నుంచి అడిగాడు. "ఇంతకీ తీసేసిన ఫోటో కవర్లోకి ఎలా వచ్చింది?"

"మా వదిన జరిపించిందండీ," అంది పిల్లి.

ఆదివారం పొద్దున పేపరు ముందు మా ఆయన తీశాడు. అందరం బల్ల చుట్టూ చేరాం. అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుని పేజీని బల్ల మీద పరిచి, మూలలు సాపు చేసి, పైనుంచి కింది దాకా చూశారు. మళ్లీ పైకి వచ్చారు.

"నా మొహమేదీ?"

"వెనకాల నీడలో ఉంది కదమ్మా," అన్నాడు మా ఆయన.

"నీడలో ఉంటే మొహం ఎలా అవుతుందిరా? ఇస్త్రీ చేయించుకుని, రెప్ప వెయ్యకుండా నిలబడితే అవన్నీ పారేసి..." ఆవిడ వంగి, ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఉన్నది పైకే చదివారు. "'వేలు: కుట్టుగది పెద్ద. చిల్లు వదిలింది: ఈ ఫోటో తీసినవారు.'" అద్దాలు తీసి కూతురి వైపు చూశారు. "ముప్ఫై ఏళ్లు చాకిరీ చేస్తే పేపర్లో నా వేలు పడిందన్నమాట."

"వేలు మాత్రం చాలా బాగా వచ్చింది అత్తయ్యా," అన్నాను.

ఆవిడ పేజీ మీదికి ఇంకా వంగి, దుప్పటి మీద ఒక్కో రఫ్ఫునీ గోటితో తడుముతున్నారు. "ఇది పొట్టిదాని కుట్టు. ఇది రిటైరైపోయినావిడది, చూడు ఎంత సన్నగా ఉందో, ఇప్పుడెవరికీ రాదు. ఇది నాది, చేరిన కొత్తలో వేసింది... అదేమిటే, ఇంకా ఉందా ఇది?" గోరు అక్కడే ఆగింది. వేలు తియ్యకుండానే, "ఇవన్నీ కనపడకుండా ఉండాలని కుట్టాం," అన్నారు.

"కనపడితే బాగాలేవా అమ్మా?" అంది పిల్లి.

"ఎవరన్నారు బాగాలేవని?" అని ఆవిడ పేజీ మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచారు. మధ్యాహ్నానికల్లా మా బిల్డింగులో నాలుగంతస్తుల్లోనూ ఆ పేజీ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ఫోటో పక్కన సొంత వేలు పెట్టి చూపించారట, అనుమానం ఉన్నవాళ్లకి సాక్ష్యంగా. మూడో అంతస్తులో టీ కూడా ఇచ్చారు.

సోమవారం పిల్లి పొద్దున బస్సు డిపోకి వెళ్లి, సాయంత్రం అక్కడి నుంచి నేరుగా కుట్టుగదికి వెళ్లింది. ఆ దుప్పటి మేకుకి తగిలించి దాని కోసమే అట్టే పెట్టారు. ఎవరు వదిలితే వాళ్లే కుట్టాలి, పేపర్లో పడ్డంత మాత్రాన రూలు మారదు. నేనూ వెళ్లాను చూడ్డానికి. ఒక చిల్లుకి ముప్పావుగంట పట్టింది. కుట్టడం అయ్యాక మా అత్తగారు దుప్పటి అందుకుని కిటికీకి అడ్డంగా ఎత్తారు. అవతల ఆవిడ వేలి నీడ ఆ చోటంతా నెమ్మదిగా వెతికింది. పైకి, కిందికి, పక్కకి.

వేలు దూరలేదు.

"కుట్టు వంకర," అన్నారు మా అత్తగారు దుప్పటి వెనక నుంచి. "కానీ ఆగుతుంది. మడత పెట్టు."

ఆ మడత మాత్రం నేనే పెట్టాను. పిల్లి రెండు చేతులకీ అప్పటికే వేరే పని పడింది. కెమెరా ఇంట్లో పెట్టి వచ్చిందనుకున్నారా?